టోనీ హాక్స్ ప్రో స్కేటర్ 1+2: పాటలు ఆపేసి ఆడితే సగం ఆట పోయినట్టే

స్కేట్‌బోర్డింగ్ గేమ్ ఒక్కటే కొనాలంటే ఇదే కొనండి. నెవర్‌సాఫ్ట్ అనే గేమ్ సంస్థ 1999లో, 2000లో చేసిన మొదటి రెండు గేమ్‌లను వికేరియస్ విజన్స్ అనే మరో సంస్థ కొత్తగా తయారుచేసి, 2020 సెప్టెంబరులో ఒకే గేమ్‌గా విడుదల చేసింది. గ్రాఫిక్స్ బాగున్నాయి, ఆ మాట ఎవరైనా చెబుతారు. అసలు బలం మాత్రం పాటల్లో ఉంది.

స్కేటర్లకు పాటంటే ఊరికే వెనకాల మోగేది కాదు. థ్రాషర్ అనే స్కేట్‌బోర్డింగ్ పత్రిక 1983లోనే స్కేట్ రాక్ క్యాసెట్లు తెచ్చింది. స్పైక్ జోన్జ్ 1991లో తీసిన ‘వీడియో డేస్’ అనే స్కేట్ వీడియోలో స్కేటర్ గై మారియానో పార్ట్‌కి (అతని ట్రిక్కులు చూపే భాగానికి) జాక్సన్ 5, మార్క్ గొంజాలెస్ పార్ట్‌కి జాన్ కోల్ట్రేన్ జాజ్ పడ్డాయి. ఎవరి పార్ట్‌కి ఏ పాట వేశారన్నది ట్రిక్కులతో సమానంగా చర్చకొస్తుంది. ఈ గేమ్ ఆ పద్ధతినే పట్టుకుంది. డెడ్ కెన్నెడీస్, గోల్డ్‌ఫింగర్, ప్రైమస్, రేజ్ అగెన్స్ట్ ద మెషీన్ లాంటి బృందాలు ఒకే వరుసలో వస్తాయి. పంక్, స్కా, మెటల్, హిప్‌హాప్ మధ్య గోడలేమీ లేవు.

ఒక్కో రన్, అంటే ఒక్క విడత ఆట, రెండు నిమిషాలు. ఇందులో పంక్, స్కా పాటలు చాలావరకు రెండు మూడు నిమిషాలవే, వేగం కూడా ఎక్కువే. అందుకే రన్ మొత్తం ఒకే ఊపులో సాగుతుంది. గోల్డ్‌ఫింగర్ ‘సూపర్‌మ్యాన్’ మోగుతుంటే వేర్‌హౌస్ అనే లెవెల్‌లో పైనుంచి ర్యాంపు దిగి చూడండి, చేతికి తొందర దానంతటదే వస్తుంది. ఆ తొందరే కొత్తవాళ్లను పడేస్తుంది కూడా.

ప్లేస్టేషన్ కంట్రోలర్ లెక్కన చెబితే, ఎక్స్ బటన్ నొక్కి పట్టుకుంటే స్కేటర్ వంగుతాడు, వదిలితే ఎగురుతాడు. రెయిల్‌కి దగ్గరయ్యాక వదిలి, గాల్లో త్రికోణం నొక్కితే గ్రైండ్, అంటే రెయిల్ మీద బోర్డును రాస్తూ జారడం. దిగేముందు పైకి-కిందికి వెంటవెంటనే నొక్కితే మాన్యువల్, అంటే రెండు చక్రాల మీదే సాగడం; దాంతో కాంబో (ట్రిక్కుల గొలుసు) తెగకుండా ఇంకో రెయిల్ దాకా వెళ్లొచ్చు. క్వార్టర్‌పైప్ (వంపు తిరిగిన ర్యాంపు) మీద దిగే క్షణంలో ఆర్2 నొక్కితే రివర్ట్, అంటే దిగుతూనే బోర్డును వెనక్కి తిప్పడం, ఆ వెంటనే మాన్యువల్. పెద్ద స్కోర్లన్నీ ఈ గొలుసులోంచే పుడతాయి, ఎందుకంటే ట్రిక్కుల పాయింట్ల మొత్తాన్ని ట్రిక్కుల సంఖ్యతో హెచ్చిస్తారు. కింద పడితే మాత్రం ఆ కాంబో మొత్తం సున్నా. ఒకే ట్రిక్కు మళ్లీమళ్లీ చేస్తే దాని విలువ తగ్గిపోతుంది కాబట్టి కనీసం మూడు నాలుగు ఫ్లిప్పులు (గాల్లో బోర్డును తిప్పే ట్రిక్కులు) మార్చిమార్చి వాడాలి. ఎక్కువమంది పడేది మాన్యువల్‌లోనే: గ్రైండ్ బ్యాలెన్స్ కుడి ఎడమలకు ఊగుతుంది, మాన్యువల్‌ది పైకీ కిందికీ. ఒకదాన్నుంచి ఇంకోదానికి మారినప్పుడు బొటనవేలు పాత దిశలోనే ఉండిపోతుంది.

పాత రుచి కావాలంటే మొదటి గేమ్ కదలికల పద్ధతి ఎంచుకోవచ్చు. అప్పుడు మాన్యువల్, రివర్ట్ రెండూ ఉండవు. మాన్యువల్ 2000లో రెండో గేమ్‌తో, రివర్ట్ 2001లో మూడో గేమ్‌తో వచ్చాయి. కష్టం అనిపిస్తే గేమ్ మాడ్స్ (ఆట తీరు మార్చే ఐచ్ఛికాలు)లో పడిపోకుండా ఉండే మాడ్ కూడా ఉంది, నేర్చుకునేటప్పుడు మొహమాటం లేకుండా వాడుకోండి.

ఇక శబ్దం సంగతి. సెట్టింగుల్లో పాటల శబ్దం కాస్త తగ్గించి, ఎఫెక్ట్స్ అలాగే ఉంచండి. చక్రాలు సిమెంటు మీద గరగరలాడే చప్పుడు, ట్రక్కులు (బోర్డుకు చక్రాలు బిగించే ఇరుసులు) ఇనుమును రాసుకునే చప్పుడు పాటకు తాళంలా పడతాయి; దిగామో లేదో కన్నుకన్నా ముందు చెవికి తెలుస్తుంది. బ్లూటూత్ హెడ్‌ఫోన్లు మాత్రం వద్దు. వాటిలో శబ్దం ఆలస్యంగా వస్తుంది, చెవిని నమ్మి రివర్ట్ నొక్కితే సమయం దాటిపోతుంది. వైరుదే పెట్టుకోండి. టీవీలో గేమ్ మోడ్ ఆన్ చేయడం మరిచిపోవద్దు.

నచ్చని పాట వస్తే కుడి స్టిక్‌ను లోపలికి నొక్కండి, తర్వాతిది మొదలవుతుంది. మెనూలో ఒక్కో పాటనూ విడిగా ఆపుకోవచ్చు కూడా. ఈ సదుపాయం అవసరమే. కొత్తగా చేర్చిన పాటల్లో స్కెప్టా ‘షట్‌డౌన్’, ఎ ట్రైబ్ కాల్డ్ క్వెస్ట్ పాట చక్కగా అతికాయి. మరికొన్ని పాప్ పంక్ పాటలు మరీ నున్నగా ఉన్నాయి, బర్న్‌సైడ్ లాంటి గరుకు సిమెంటు పార్కుకి సరిపడవు. లైసెన్సుల వల్లో మరెందువల్లో, రెండో గేమ్‌లోని ‘బ్రింగ్ ద నాయిజ్’ ఇందులో లేదు. మెటల్ బృందం ఆంత్రాక్స్, హిప్‌హాప్ బృందం పబ్లిక్ ఎనిమీ కలిసి 1991లో చేసిన ఆ పాట ఈ సంస్కృతి మొత్తానికి ఒక్క ముక్కలో నిర్వచనం. ఇదొక్కటే నిజమైన లోటు.

ఏ మెషీన్ మీద ఆడాలంటే, నింటెండో స్విచ్‌లో సెకనుకు 30 ఫ్రేములే వస్తాయి, మిగతావాటిలో 60 గానీ అంతకన్నా ఎక్కువ గానీ. రివర్ట్ సమయం పట్టుకోవడానికి ఆ తేడా గట్టిగా తెలుస్తుంది. ప్రయాణాల్లో ఆడేవాళ్లు తప్ప మిగతావాళ్లు పీసీ గానీ పెద్ద కన్సోల్ గానీ తీసుకోండి. 2025లో ఐరన్ గెలాక్సీ సంస్థ చేసిన 3+4 కూడా అమ్మకానికి ఉంది, కానీ అందులో పాత పాటలు చాలావరకు మారిపోయాయి. పాటల కోసం కొనేవాళ్లు ముందు 1+2నే తీసుకోవాలి.