హార్డ్ డిస్క్ మార్చాక డీవీఆర్ లోగో దాటట్లేదా? అడాప్టరా, డిస్కా, ఫర్మ్‌వేరా, ముందు ఏది చూడటం మేలు?

సీసీటీవీ కెమెరాల రికార్డింగ్ దాచే డబ్బా, అదే డీవీఆర్ గురించి ఈ మధ్య ఫోన్ ఎత్తితే ఇదే ప్రశ్న. "అన్నా, పెద్ద డిస్క్ వేశాం, డీవీఆర్ లోగో దాకా వచ్చి మళ్లీ మొదటికే పోతోంది, ఫర్మ్‌వేర్ వేయమంటావా, డిస్క్ వాపస్ ఇచ్చేయమంటావా?" అని. ఫర్మ్‌వేర్ అంటే డీవీఆర్‌ను నడిపే లోపలి సాఫ్ట్‌వేర్. కొందరికి లోగో కూడా రాదు, బీప్ ఒక్కటే వినిపిస్తుంది. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పేకంటే ఒకేచోట రాస్తే నయమనిపించింది. నా మాట ముందే చెప్పేస్తున్నాను: పదిసార్లలో ఏడెనిమిదిసార్లు నేను చూసింది అడాప్టర్ గొడవే. అయినా జనం చేయి చివరగా పడేది దాని మీదే.

డిస్కులు ఇంతగా ఎందుకు మారుస్తున్నారో మీకు తెలిసిందే, 30 రోజుల రికార్డింగ్ కోసం. జనం గుమిగూడే చోట్ల కెమెరాలు పెట్టి నెల రోజుల ఫుటేజీ దాచాలని 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రజాభద్రతా చట్టం తెచ్చారు. 2 ఎంబీపీఎస్‌లో, అంటే సెకనుకు 2 మెగాబిట్ల లెక్కన పెట్టిన ఒక్క కెమెరా రోజుకు 21 జీబీ పైన తింటుంది, ఎనిమిది కెమెరాలకు 170 జీబీ దాటుతుంది, అంటే 1 టీబీ డిస్కులో ఐదారు రోజులకు మించి నిలవదు. అందుకని దాన్ని తీసి 4 టీబీనో 6 టీబీనో వేస్తారు. డిస్క్ కొత్తదే, దానికి కరెంటు ఇచ్చే అడాప్టర్ మాత్రం ఐదారేళ్ల కిందట డబ్బాతో పాటు వచ్చినదే.

ఏది మార్చాలో ఆలోచించే ముందు డిస్క్ వైర్లు రెండూ పీకేసి డీవీఆర్ ఆన్ చేయండి. డిస్క్ లేకపోయినా అది ఆన్ అవ్వాలి, లైవ్ చూపించాలి. బీప్ వస్తే రానివ్వండి, డిస్క్ లేదని చెప్పే అలారం అది. ఇలా నిక్షేపంగా ఆన్ అయిందంటే బోర్డూ ఫర్మ్‌వేరూ చాలావరకు బాగున్నట్టే, చూడాల్సింది అడాప్టర్, కేబుల్, డిస్క్, ఈ మూడే.

ఇక అడాప్టర్ సంగతి. 3.5 అంగుళాల డిస్క్ ఆగి ఉన్న దశ నుంచి నిమిషానికి 5400 చుట్ల వేగం అందుకునే ఆ కొద్ది సెకన్లలో 12 వోల్టుల లైన్ మీద ఒకటిన్నర నుంచి రెండు ఆంపియర్ల దాకా లాగుతుంది, తిరగడం మొదలయ్యాక అందులో మూడో వంతు కూడా అక్కర్లేదు. బస్తాలు నింపిన ఎడ్లబండి లాంటిదే, కదిలించేటప్పుడే బలమంతా కావాలి. చిన్న డీవీఆర్‌లతో వచ్చే అడాప్టర్లు 12 వోల్టులు, ఒకటిన్నర లేదా రెండు ఆంపియర్లు. అందులోంచే బోర్డుకూ మౌస్‌కూ పోవాలి. ఏళ్ల తరబడి టేబుల్ కింద దుమ్ములో వేడెక్కి లోపలి కెపాసిటర్లు ఎండిపోతే లేబుల్ మీద రెండు ఆంపియర్లు అని ఉన్నా అంత ఇవ్వలేదు. డిస్క్ లాగగానే వోల్టేజీ పడిపోతుంది, దాంతో ప్రాసెసర్ రీసెట్ అవుతుంది, డిస్క్ ఆగుతుంది, భారం తగ్గగానే వోల్టేజీ మళ్లీ లేస్తుంది, కథ మళ్లీ మొదటికి. మీరు చూస్తున్న లోగో తిరుగుడు ఇదే.

మొన్న ఖమ్మంలో ఒక ఫంక్షన్ హాల్‌కి పోయాను. తెల్లారితే పెళ్లి, రాత్రి పదిన్నరకు ఓనర్ టెన్షన్‌తో ఫోన్ చేశాడు. డబ్బా మీద చెయ్యి పెడితే డిస్క్ గుయ్‌మని లేస్తున్నట్టే లేచి టిక్‌మని ఆగిపోతోంది, పదిహేను సెకన్లకోసారి అదే చప్పుడు. అప్పటికే ఎవరో మల్టీమీటర్ పెట్టి చూసి అడాప్టర్ మంచిదే, 12 వోల్టులు వస్తున్నాయని చెప్పి పోయారట. ఆయన చూసింది పిన్ బయటకు తీసి, భారం లేకుండా. నేను డబ్బా మూత తీసి పిన్ గుచ్చి ఉండగానే బోర్డు మీద పెట్టి చూశాను. డిస్క్ లేచే క్షణంలో 12.1 కాస్తా 9.6కి పడింది. ఆ వేళకు షాపులన్నీ మూసేసి ఉన్నాయి, పరీక్షకని కెమెరాలకు కరెంటు ఇచ్చే పవర్ సప్లై డబ్బా, అదే ఎస్‌ఎంపీఎస్ నుంచే ఒక డీసీ పిన్ వైరు లాగాను, అదే డిస్కుతో ఒక్కసారికే లోగో దాటి లోపలికి పోయింది. మీరు ఇలా చేయాలనుకుంటే ముందు ఎస్‌ఎంపీఎస్ వోల్టేజీ కొలవండి, దూరం కెమెరాల కోసం కొందరు దాని స్క్రూ తిప్పి 13 పైకి పెంచి ఉంచుతారు. ప్లస్, మైనస్ కూడా చూసుకోండి, పిన్ మధ్యలో ప్లస్ రావాలి.

మూడు ఆంపియర్ల అడాప్టర్ పెడితే డీవీఆర్ కాలిపోతుందా అని చాలామంది భయపడతారు. కాలిపోదు, దానికి కావలసినంతే తీసుకుంటుంది. మారకూడనిది వోల్టేజీ. ల్యాప్‌టాప్ చార్జర్ పిన్ పట్టింది కదా అని 19 వోల్టులు ఇస్తే మాత్రం బోర్డు పోతుంది. పీఓఈ ఎన్‌వీఆర్‌లలో, అంటే నెట్‌వర్క్ వైరు మీదే కెమెరాలకు కరెంటు కూడా ఇచ్చే రికార్డర్లలో, చాలావాటికి 48 వోల్టుల అడాప్టర్ ఉంటుంది, వాటికి ఈ 12 వోల్టుల లెక్క వర్తించదు, లేబుల్ చూసే కొనండి. మంచి 12 వోల్టులు, మూడు ఆంపియర్ల అడాప్టర్ కొన్ని వందల్లోనే వస్తుంది, ఒకవేళ తప్పు అది కాదని తేలినా వృథా పోదు.

డిస్క్ మార్చడం మేలా అంటే, భారం మీద కూడా 12 నిలబడుతూ అయినా ఆగిపోతుంటేనే. అప్పుడు కూడా ముందు సాటా కేబుల్, అంటే డిస్కును బోర్డుకు కలిపే డేటా వైరు మార్చండి, పాత కేబుళ్లు మూత బిగించేటప్పుడు నలిగి వదులవుతాయి. తర్వాత మీ మోడల్ ఎంత పెద్ద డిస్క్ తీసుకుంటుందో మాన్యువల్లో చూడండి, పాత డీవీఆర్‌లు కొన్ని 4 టీబీ దగ్గర, ఇంకా పాతవి 2 టీబీ దగ్గర ఆగిపోతాయి. అవన్నీ సరిగ్గా ఉంటేనే డిస్కును కంప్యూటర్‌కు తగిలించి ఆరోగ్యం చూడాలి. అందులో ఫుటేజీ ఉంటే మాత్రం జాగ్రత్త, డీవీఆర్ డిస్కును విండోస్ చదవలేదు, ఫార్మాట్ చేయమంటావా అని అడుగుతుంది. దయచేసి క్యాన్సిల్ నొక్కండి. దొంగతనం జరిగిన రోజు రికార్డింగ్ ఈ ఒక్క నొక్కుతో పోగొట్టుకుని ఏడ్చినవాళ్లను చూశాను. సీసీటీవీకని చేసిన డిస్కా, మామూలు కంప్యూటర్ డిస్కా అన్నది ఎన్నాళ్లు మన్నుతుందన్న ప్రశ్న, ఆన్ కాకపోవడానికి దానికీ సంబంధం లేదు.

ఫర్మ్‌వేర్‌ను మూడో స్థానంలో పెడతాను, దానికి గట్టి కారణం ఉంది. ఫర్మ్‌వేర్ ఎక్కుతుండగా కరెంటు తగ్గితే బోర్డు ఇక లేవకపోవచ్చు. అసలు రోగం అడాప్టర్‌దైతే, అదే అడాప్టర్ మీద ఫర్మ్‌వేర్ ఎక్కించడమంటే మంచిగా ఉన్న బోర్డును చేతులారా చంపుకోవడం. డిస్క్ తీసేసి, కొత్త అడాప్టర్ పెట్టినా లోగో దాటనప్పుడే దాని జోలికి పోండి. హిక్‌విజన్ డబ్బాలకైతే కంప్యూటర్ ఐపీ 192.0.0.128గా పెట్టి టీఎఫ్‌టీపీతో (నెట్‌వర్క్ వైరు మీద ఫైలు పంపే పద్ధతి) ఎక్కించే దారి ఉంది, కానీ డబ్బా కింది స్టిక్కర్ మీద ఉన్న మోడల్‌కు సరిగ్గా సరిపోయే ఫైలే వాడాలి, పేరు దగ్గరగా ఉంది కదా అని వేరేది వేయొద్దు.

2.5 అంగుళాల ల్యాప్‌టాప్ డిస్క్ పెడితే ఆన్ అయిందని ఒకరు రాశారు. అవుతుంది, అది 5 వోల్టుల లైన్ మీదే, తక్కువ కరెంటుతో నడుస్తుంది కాబట్టి. పరీక్షకు బాగానే పనికొస్తుంది, ఎప్పటికీ అదే ఉంచొద్దు. కొత్త డీవీఆర్ కొనడం చివరి మాట. కొన్నా, వేరే కంపెనీ డబ్బా మీ పాత డిస్కును సాధారణంగా చదవదు, ఫార్మాట్ అడుగుతుంది.

ఫంక్షన్ హాల్‌లో పొద్దున్నే కొత్త అడాప్టర్ తెచ్చి పెట్టి, 4 టీబీ డిస్కును ఇనిషియలైజ్ చేశాక (రికార్డింగ్‌కు సిద్ధంగా ఫార్మాట్ చేశాక) తేదీ చూస్తే 2000 సంవత్సరం జనవరి చూపిస్తోంది. మూత తీసి పెట్టడంలో బోర్డు మీది బటన్ సెల్ కదిలినట్టుంది, సరిగా కూర్చోబెట్టి టైం దిద్దాను, లేకపోతే ఆ రోజు పెళ్లి రికార్డింగ్ అంతా పాతికేళ్ల కిందటి తేదీ మీద పడేది. పాత 1 టీబీ డిస్కును కవర్లో చుట్టి, పైన మార్కర్‌తో తీసిన తేదీ రాసి ఓనర్ చేతికిచ్చాను. ఆ ముందటి ఐదు రోజుల ఫుటేజీ అందులోనే ఉంది, నెల తిరిగేదాకా ఎవరికీ ఇవ్వొద్దని చెప్పి వచ్చాను.