గణితం మేజర్‌కి ట్రాన్స్‌ఫర్: అసిస్ట్ వెబ్‌సైట్ ఏళ్ల తరబడి వాడాక

కాలిఫోర్నియాలో రెండేళ్ల కమ్యూనిటీ కాలేజీ నుంచి యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా)లో గణితం మేజర్‌కి వెళ్లాలంటే ముందు తెరవాల్సింది అసిస్ట్ డాట్ ఆర్గ్. ఏ కాలేజీ కోర్సు ఏ యూనివర్సిటీ కోర్సుకి చెల్లుతుందో అధికారికంగా చూపేది ఇదే. డబ్బు కట్టక్కర్లేదు. కోర్సులు చెల్లుతాయా లేదా అన్నంతవరకు దీన్ని పూర్తిగా నమ్మొచ్చు. ఏ టర్మ్‌లో ఏది చదవాలో మాత్రం మీరే కూర్చుని వేసుకోవాలి.

విద్యా సంవత్సరం, మీ కాలేజీ, వెళ్లాల్సిన క్యాంపస్ ఎంచుకుని మేజర్ తెరవండి. గణితానికి, అప్లైడ్ మ్యాథ్‌కి వేరువేరు పేజీలు ఉంటాయి, రెండూ చూడండి. కోర్సు ఏ ఏడాది చదివితే ఆ ఏడాది ఒప్పందమే (రెండు కాలేజీల మధ్య ఏ కోర్సు దేనికి చెల్లుతుందో చూపే పట్టిక) చూడాలి.

ఎక్కువమంది పొరబడేది రెండు కోర్సుల మధ్య ఉండే ‘అండ్’ దగ్గర. అది ఉంటే రెండూ చదివితేనే చెల్లుతుంది. డి ఆంజా కాలేజీది క్వార్టర్ పద్ధతి (సెమిస్టర్ కన్నా చిన్న టర్మ్‌లు) కాబట్టి అక్కడ కాల్క్యులస్ 1ఎ నుంచి 1డి దాకా నాలుగు ముక్కలు. 1సితో ఆపేస్తే డబుల్, ట్రిపుల్ ఇంటిగ్రల్స్, వెక్టర్ కాల్క్యులస్ మిగిలిపోతాయి. అప్పుడు బర్క్‌లీలో మల్టీవేరియబుల్ కాల్క్యులస్ కోర్సైన మ్యాథ్ 53 సగం వచ్చినట్టు కాదు, అసలు రానట్టే. మిగతాది సెమిస్టర్ పద్ధతి ఉన్న ఇంకో కాలేజీలో చదువుదామంటే సిలబస్ ముక్కలు అతకవు. సిరీస్ ఎక్కడ మొదలుపెడితే అక్కడే ముగించండి.

‘నో కోర్స్ ఆర్టిక్యులేటెడ్’ అని కనిపిస్తే కంగారు పడొద్దు. మీ కాలేజీలో దానికి చెల్లుతుందని ఒప్పుకున్న కోర్సు లేదని అర్థం, వెళ్లాక చదువుకోవచ్చు. యూసీ ఇర్వైన్ మ్యాథ్ 13 లాంటి ప్రూఫుల (నిరూపణల) కోర్సు ఇలా మిగిలిపోతే అశ్రద్ధ చేయకండి. చేరాక ఎదురయ్యే రియల్ అనాలిసిస్, అప్పర్ డివిజన్ (మూడు, నాలుగో ఏళ్ల స్థాయి) లీనియర్ ఆల్జీబ్రా రెండూ ప్రూఫుల మీదే నడుస్తాయి. కాల్క్యులస్‌లో ‘A’ గ్రేడు తెచ్చుకున్నవాళ్లు కూడా అక్కడ తడబడతారు. అందుకే మేజర్‌కి అక్కర్లేకపోయినా మీ కాలేజీలో డిస్క్రీట్ మ్యాథ్ ఉంటే తీసుకోమనే నా గట్టి సలహా.

కోర్సుల వరస ఈ సైట్లో కనిపించదు. సెమిస్టర్ కాలేజీలో కాల్క్యులస్ మూడు భాగాలు, ఒకదాని తర్వాత ఒకటే చదవాలి. వాటి తర్వాత లీనియర్ ఆల్జీబ్రా, డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ కలిపి పెట్టుకుంటే కనీసం నాలుగు సెమిస్టర్లు. ప్రీకాల్క్యులస్‌తో మొదలైతే ఐదు. ఫాల్‌లో చేరాలంటే తప్పనిసరి కోర్సులు అంతకుముందు స్ప్రింగ్‌కే అయిపోవాలి, ఆ సమ్మర్‌ని సాధారణంగా లెక్కలోకి తీసుకోరు. చిన్న కాలేజీల్లో లీనియర్ ఆల్జీబ్రా ఏడాదికి ఒక్కసారే పెట్టొచ్చు, టైమ్‌టేబుల్ ముందే చూసుకోండి.

ట్యాగ్ (ట్రాన్స్‌ఫర్ అడ్మిషన్ గ్యారంటీ, అంటే షరతులు నెరవేరిస్తే సీటు ఇస్తామన్న హామీ) దరఖాస్తు సెప్టెంబర్ 1 నుంచి 30 వరకు. బర్క్‌లీ, యూసీఎల్ఏ, శాన్ డియేగోలకు ఆ హామీ లేదు. ఎఫ్-1 వీసా మీద చదివే మన పిల్లలు నాన్-రెసిడెంట్ల కిందికి వస్తారు కనుక యూసీ కనీస జీపీఏ 2.4 కాదు, 2.8. గణితానికి ఏ క్యాంపస్ ఎంత అడుగుతుందో ఆ డిపార్ట్‌మెంట్ పేజీలో విడిగా చూడండి. ఒప్పందం పీడీఎఫ్ ఏటా దాచుకుని, కౌన్సెలర్ దగ్గరికి వెళ్లినప్పుడు చేతిలో పట్టుకెళ్లండి.