గాల్లో చెయ్యి ఊపి ఆడే ఏఆర్ కిట్టు కొనబోతున్నారా? ఒక్క నిమిషం ఆగండి

విజయవాడ బీసెంట్ రోడ్డులో ఈ కిట్లు అమ్మే షాపు మీలో చాలామందికి తెలిసే ఉంటుంది, పేరు రాయను. మొన్న సాయంత్రం అక్కడ 6,499 కట్టొచ్చిన తెలివైనవాణ్ని నేనే. రైతు బజార్లో వంకాయని నాలుగుసార్లు తిప్పి చూసేవాణ్ని, అక్కడ పాపని ఒక్కసారి ఆడించి కూడా చూడలేదు.

ఏఆర్ అంటే ఆగ్మెంటెడ్ రియాలిటీ, కెమెరాలో కనిపించే నిజం గది మీద బొమ్మల్ని కలిపి చూపించడం. టీవీలో మన గదే కనిపిస్తుంది, అందులో సీతాకోకచిలుకలు ఎగురుతాయి, చేత్తో పట్టుకోవాలి. షాపులో కుర్రాడు బొటనవేలూ చూపుడువేలూ కలిపి చిటికెలో పట్టేశాడు. పైన పెళ్లి మండపంలో ఉన్నన్ని లైట్లు!

మా ఇంట్లో ఉన్నది ఒక ట్యూబ్‌లైటు, ఆరేళ్ల పాప. అది అలా వేళ్లు కలపదు కదా! రెండు చేతులూ చాచి గబుక్కున దోసిట్లో మూసేస్తుంది. ఒక చెయ్యికి ఇంకోటి అడ్డం రాగానే కెమెరాకి అసలు చెయ్యే దొరకదు. సెట్టింగుల్లోకెళ్లి టెస్ట్ పెట్టి చూశాను. వేళ్ల కొసలకీ కణుపులకీ మణికట్టుకీ కలిపి ఒక్కో చేతికి 21 చుక్కలు పెడుతుంది. నేను మెల్లగా కదిపితే ముగ్గు చుక్కల్లా బుద్ధిగా నిలబడ్డాయి. ఆ ఒక్క ట్యూబ్‌లైటు వెలుతురులో పాప విసురుగా ఊపేసరికి సోఫా మీదకెళ్లి పడ్డాయి. చివరికి అది విసిగిపోయి టీవీ దగ్గరకెళ్లి వేలితో తెరనే పొడవడం మొదలెట్టింది. "ఈగలు తోలుతోందేంట్రా?" అని మా అమ్మ నవ్వు.

ఇవాళ పొద్దున వాపసు ఇద్దామని వెళ్లాం. ఓనరు ఫోన్లోంచి తల కూడా ఎత్తలేదు. "కిట్టు బానే ఉంది సార్, మీ పాపకే చెయ్యి ఊపడం రాదు. కాస్త నేర్పించండి."

పాప పక్కనే ఉంది. అరచేతులు రెండూ ఒకసారి చూసుకుని వీపు వెనక దాచుకుంది.

పెట్టె మీద పిల్లల బొమ్మ వేసి పెద్దోళ్ల చేతులకి తయారుచేసిన ఆట అది. ఆ మాట అక్కడే అనాల్సింది. నాకేమో బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర గుర్తొచ్చింది.

బిల్లు మీద "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని స్టాంపు ఒకటి. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం, లోపమున్న వస్తువుని బిల్లులో రాసిన గడువులో, గడువే రాయకపోతే 30 రోజుల్లో, వాపసు తీసుకోనంటే అది తప్పుడు వ్యాపారమే. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తున్నాను.

కొనేవాళ్లు పిల్లల్ని వెంట తీసుకెళ్లి వాళ్ల చేతే ఆడించండి, సగం లైట్లు ఆర్పించి మరీ. బిల్లు పారేయకండి. ఈ మొత్తం వ్యవహారంలో నేను సరిగ్గా చేసింది అదొక్కటే.