మొదటి ట్రావెల్ ట్రైలర్: కొత్తదా, సెకండ్‌హ్యాండ్‌దా, ఏది మేలు?

అమెరికాలో మొదటిసారి ట్రావెల్ ట్రైలర్ (బండి వెనుక తగిలించుకుని లాక్కెళ్లే చక్రాల ఇల్లు) కొనాలనుకునే తెలుగు కుటుంబాలు ముందుగా అడిగేది ‘ఏ కంపెనీది మంచిది?’ అని. కారు విషయంలో ఆ ప్రశ్న పనికొస్తుంది. టొయోటా, హోండా పేర్ల మీద ఇన్నేళ్లలో ఒక నమ్మకం కుదిరింది. ట్రైలర్ల దగ్గర మాత్రం పేరును బట్టి నాణ్యతను అంచనా వేయడం కష్టం. ఆ దేశంలో అమ్ముడయ్యే ట్రైలర్లలో అత్యధిక భాగం ఇండియానా రాష్ట్రంలోని ఎల్‌ఖార్ట్ చుట్టుపక్కలే తయారవుతుంది. డీలరు ఆవరణలో పదుల కొద్దీ పేర్లు కనిపించినా, వాటిలో చాలావాటి వెనుక ఉన్నవి మూడే సంస్థలు: థోర్, ఫారెస్ట్ రివర్, విన్నెబేగో. జేకో 2016లో థోర్ చేతికి వచ్చింది. అదే ఏడాది గ్రాండ్ డిజైన్‌ను విన్నెబేగో కొనుక్కుంది. ఫారెస్ట్ రివర్ 2005 నుంచి బెర్క్‌షైర్ హాథవే సొత్తు. పైగా చట్రాలు, కిటికీలు, ఇరుసులు, ఫ్రిజ్‌లు, హీటర్లు లిప్పర్ట్, డొమెటిక్ వంటి కొద్దిమంది సరఫరాదారుల నుంచే అందరికీ వెళ్తాయి. ఒక పేరు వదిలి ఇంకో పేరు ఎంచుకున్నా లోపలి సరుకు చాలావరకు అదే.

కాబట్టి పేర్లను కాసేపు పక్కన పెట్టి రెండు విషయాలు పోల్చుకుంటే నాణ్యత గురించిన బెంగ చాలావరకు తీరుతుంది. ఒకటి, గోడలూ పైకప్పూ ఎలా కట్టారు. రెండు, మీకంటే ముందు దాన్ని ఎవరైనా వాడి చూశారా. ట్రైలర్‌ను పాడుచేసే వాటిలో నీటిని మించినది లేదు. పంపు పాడైతే కొత్తది బిగించుకోవచ్చు, ఫ్రిజ్ పోతే మార్చుకోవచ్చు. అతుకుల సందుల్లోంచి లోపలికి దిగిన వాన మాత్రం చెక్కను, నేలను, చివరికి ట్రైలర్ మొత్తాన్ని మింగేస్తుంది.

గోడల సంగతి

తక్కువ ధర ట్రైలర్లలో ఎక్కువగా కనిపించేది రేకు గోడ. సన్నని చెక్క పట్టీల చట్రం, మధ్యలో గ్లాస్ వూల్, బయట ముడతల అల్యూమినియం రేకు. చూపుకు పాతకాలపు పనిలా ఉంటుంది కానీ బాగుచేయడం తేలిక. రేకు విప్పి, పాడైన చెక్క తీసేసి, కొత్తది బిగించి మళ్లీ మూసేయవచ్చు. చేతిపని తెలిసినవారు సొంతంగానే చేసుకుంటారు. ఇందులో లోపం ఏమిటంటే, నీరు దిగినా చాలాకాలం బయటికి తెలియదు.

రెండోది నున్నటి ఫైబర్‌గ్లాస్ గోడ. అల్యూమినియం గొట్టాల చట్రంలో థర్మోకోల్ లాంటి దిమ్మలు పేర్చి, దానిపై పల్చని ప్లైవుడ్, ఆపైన ఫైబర్‌గ్లాస్ పలక పెట్టి అన్నింటినీ జిగురుతో ఒకే పలకగా అతికిస్తారు. డీలర్లు దీన్నే మేలురకంగా చూపిస్తారు, ధర కూడా ఎక్కువ చెబుతారు. పొడిగా ఉన్నంతకాలం అది గట్టి గోడే. కిటికీ అంచు నుంచో, పక్క లైటు బిగించిన స్క్రూ రంధ్రం నుంచో నీరు చేరిందంటే ప్లైవుడ్ నానుతుంది, జిగురు విడుతుంది, గోడ బయటికి ఉబ్బుతుంది. ఉబ్బిన గోడకు చిన్న మరమ్మతు అంటూ ఉండదు. గోడ మొత్తం మార్చాలి, ఆ ఖర్చు చాలాసార్లు పాత ట్రైలర్ విలువనే దాటిపోతుంది. కొన్ని కంపెనీలు ప్లైవుడ్‌కు బదులు ఆజ్డెల్ అనే కుళ్లని కృత్రిమ పలక వాడుతున్నాయి. అది నిజంగా మంచి మార్పు. అయితే గోడకు రెండు వైపులా వాడారా, ఒక్క బయటి వైపే వాడారా అన్నది తప్పక అడగండి. గోడల్లో ఆజ్డెల్ ఉన్నా నేల, పైకప్పు చెక్కవే కావచ్చు.

మూడోది నాకు బాగా నచ్చినది: అచ్చుపోసిన ఫైబర్‌గ్లాస్ ట్రైలర్. పడవను పోసినట్టు పై సగం, కింది సగం విడిగా పోసి నడుము దగ్గర కలుపుతారు. మిన్నెసోటాలోని బాకస్‌లో తయారయ్యే స్క్యాంప్, టెక్సస్‌లోని రైస్‌లో తయారయ్యే కసీటా, టెనెసీలోని హోహెన్‌వాల్డ్ నుంచి వచ్చే ఆలివర్, కెనడాలోని చిల్లివాక్ నుంచి వచ్చే ఎస్కేప్ ఈ కోవకు చెందినవి. మామూలు ట్రైలర్‌లో గోడకూ పైకప్పుకూ మధ్య చుట్టూతా పొడవైన అతుకు ఉంటుంది, నాలుగు మూలల్లో నిలువు అతుకులు ఉంటాయి. వీటిలో అవేవీ ఉండవు. అలాగని చుక్క నీరు రాదని కాదు. కిటికీలు, పైకప్పు గాలిగూడు (వెంట్), కొన్నింటిలో పెంకుకు కొట్టిన రివెట్లు, ఇవన్నీ కారగలవు. కానీ కారిన చోటు వెతకడం సులువు, నానిపోయే గోడ లేదు. దశాబ్దాల కిందటి స్క్యాంప్‌లు ఇప్పటికీ రోడ్ల మీద తిరుగుతున్నాయంటే కారణం ఇదే.

ఎయిర్‌స్ట్రీమ్ గురించి కూడా అడుగుతారు. ఒహాయోలోని జాక్సన్ సెంటర్‌లో అల్యూమినియం రేకులను రివెట్లతో కలిపి కడతారు. అందమైనది, బాగా కట్టినది. కానీ అందులో చిన్నదాని ధరకు మామూలు ట్రైలర్లు రెండు వస్తాయి. పాతవాటిలో వెనుక భాగపు ప్లైవుడ్ నేల కుళ్లడం అందరికీ తెలిసిన జబ్బు. మొదటి కొనుగోలుకు అంత డబ్బు పెట్టమని నేను ఎవరికీ చెప్పను.

కొత్తది కొంటే ఏమవుతుంది?

కొత్తది అంటే ఏ లోపమూ ఉండదని మనవాళ్లు సహజంగానే అనుకుంటారు. ట్రైలర్ విషయంలో ఈ నమ్మకమే ఎక్కువ బాధ పెడుతుంది. ఎల్‌ఖార్ట్ కర్మాగారాల్లో పూర్తిచేసిన ట్రైలర్ల లెక్కన కూలి కట్టే పద్ధతి చాలాకాలంగా ఉంది. తొందరగా ముగిస్తే లాభం, ఆగి సరిచూసుకుంటే నష్టం. అందుకే కొత్త ట్రైలర్‌లో మొదటి సీజనంతా వదులు స్క్రూలు, చుక్కలు రాలే నీటిగొట్టాల కలయికలు, సరిగా మూసుకోని తలుపులు, సీలెంట్ పూయడం మరిచిన సందులు బయటపడుతూనే ఉంటాయి. వారంటీ ఉంది కదా అంటారు. ఉంది, కానీ దాన్ని వాడుకోవాలంటే ట్రైలర్‌ను లాక్కుని డీలరు దగ్గరికే వెళ్లాలి. వేసవిలో అక్కడ వారాల తరబడి వరుస. తమ దగ్గర కొనని ట్రైలర్‌ను వెనక్కి పంపే డీలర్లూ ఉన్నారు. నాసిరకం వాహనాల కొనుగోలుదారులకు అండగా ఉండే చట్టాలు ట్రైలర్ల విషయంలో రాష్ట్రానికొక తీరుగా ఉన్నాయి. కారు కొన్నప్పటి ధీమా ఇక్కడ కుదరదు.

డబ్బు సంగతి సరేసరి. డీలరు గేటు దాటగానే విలువ పడిపోతుంది. పది, పదిహేనేళ్ల అప్పు మీద తీసుకున్నవారు రెండేళ్లకు అమ్మాలనుకుంటే, వచ్చే ధర కన్నా బాకీ ఎక్కువగా ఉంటుంది. ఈ సరదా మనకు సరిపడుతుందా లేదా అన్నది ఇంకా తెలియని కుటుంబానికి అది పెద్ద గుదిబండ.

కొత్తదానిలో వాసన ఒకటి. 2005లో కత్రినా తుఫాను తర్వాత బాధితులకు ఇచ్చిన ట్రైలర్లలో చెక్కపలకల జిగురు నుంచి వెలువడే ఫార్మాల్డిహైడ్ అనే హానికర వాయువు మోతాదు ఎక్కువగా ఉందని 2008లో ప్రభుత్వ పరీక్షల్లో తేలింది. ఆ తర్వాత పలకలకు కఠినమైన పరిమితులు పెట్టారు. అయినా చిన్నపిల్లలు, ఉబ్బసం ఉన్నవారు ఉంటే కొత్త ట్రైలర్‌ను చాలా రోజులు కిటికీలు తెరిచి ఆరబెట్టాకే అందులో పడుకోవాలి.

సెకండ్‌హ్యాండ్ అయితే?

నాలుగైదేళ్ల వయసు ట్రైలర్‌లో కర్మాగారం వదిలేసిన చిన్నాచితకా లోపాలను మొదటి యజమాని ఈపాటికి సరిచేయించి ఉంటారు. విలువలో పెద్ద పతనం వారి ఖాతాలోనే పడిపోయింది. ఇవి రెండూ మీకు కలిసివచ్చేవి. దీనికి బదులుగా వచ్చే ప్రమాదం ఒక్కటే, లోపల దాగిన నీరు. అది వెతికితే దొరుకుతుంది. ఈ తేడా వల్లనే నా ఓటు సెకండ్‌హ్యాండ్‌కు. కొత్తదాని లోపాలు ముందుగా తెలుసుకునే దారి దాదాపు లేదు, వాడినదాని లోపాలు చూసే కంటికి కనపడతాయి.

ఒక్క జాగ్రత్త. కరోనా కాలంలో గిరాకీ విపరీతంగా పెరిగి 2021లో ఉత్తర అమెరికాలో ఆర్‌వీల (ట్రైలర్లు, మోటార్‌హోమ్‌ల వంటి విహార వాహనాల) సరఫరా 6 లక్షలు దాటింది, అది రికార్డు. 2023కు వచ్చేసరికి ఆ సంఖ్య 3 లక్షల చిల్లరకు పడింది. ఆ హడావిడిలో కొత్త పనివాళ్లతో, దొరికిన సామానుతో కట్టినవే ఇప్పుడు సెకండ్‌హ్యాండ్ బజారులో ఎక్కువగా కనిపిస్తాయి. 17 అక్షరాల వీఐఎన్ (వాహన గుర్తింపు సంఖ్య)లో పదో అక్షరం మోడల్ సంవత్సరాన్ని చెబుతుంది. ఎం అయితే 2021, ఎన్ అయితే 2022. ఆ ఏళ్లవి కొనవద్దని కాదు, మరింత నిదానంగా చూడమని. అమెరికా ప్రభుత్వ రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వెబ్‌సైటులో ఆ ట్రైలర్‌పై రీకాల్‌లు (లోపం సరిచేయడానికి కంపెనీ ఇచ్చే పిలుపులు) ఉన్నాయేమో కూడా చూసుకోండి.

చూడటం అంటే ఎలా? తెలిసినవారి కోసం నేను వెంట వెళ్లి చూసిన ఒక ట్రైలర్ తళతళలాడుతూ ఉంది, లోపల అడుగుపెట్టగానే గుప్పుమని సువాసన. సోఫా పక్క చిన్న అలమరా తెరిచి, సెల్‌ఫోన్ లైటు వేసి వెనుక మూల చూస్తే టీ రంగు మరక కిందికి గీతలా దిగింది. ఆ మూలనే నేల మీద మడమతో నొక్కితే ప్లైవుడ్ మెత్తగా కుంగింది. గది మధ్యలో గట్టిగా ఉన్న నేల మూలకు వచ్చేసరికి మెత్తబడిందంటే అక్కడ వాన దిగినట్టే. యజమాని అబద్ధం చెప్పలేదు, ఆయన ఆ మూల ఎప్పుడూ చూడలేదు.

మీరూ అలాగే అన్ని అలమరాల మూలలు, మంచాల కింద, కిటికీల దిగువ అంచులు, పైకప్పు గాలిగూడు చుట్టూ వేలితో నొక్కి చూడండి. బయట ఎండ ఏటవాలుగా పడేటప్పుడు గోడ వెంట కన్ను ఆనించి చూస్తే ఉబ్బు ఇట్టే తెలుస్తుంది. నిచ్చెన వేసుకుని పైకెక్కి సీలెంట్ పగుళ్లు చూడండి. చెమ్మ కొలిచే మీటరు ఖరీదు తక్కువే, ఒకటి కొనుక్కుని వెళ్లండి. వీలైతే పెద్ద వాన కురిసిన మర్నాడు వెళ్లండి. టైరు పక్క భాగం మీద ముద్రించిన డాట్ (DOT) సంఖ్యలో చివరి నాలుగు అంకెలు తయారైన వారాన్ని, సంవత్సరాన్ని చెబుతాయి. 1420 అంటే 2020లో 14వ వారం. టైరు మీది గాడులు ఎంత లోతుగా ఉన్నా, ఐదారేళ్లు దాటిన ట్రైలర్ టైర్లు మార్చాల్సినవే. ఆ ఖర్చు బేరంలో తగ్గించమని అడగండి. మీకే సందేహంగా ఉంటే ఎన్‌ఆర్‌వీఐఏ (ఆర్‌వీ ఇన్‌స్పెక్టర్ల జాతీయ సంఘం) ధ్రువీకరణ ఉన్న ఇన్‌స్పెక్టరును పిలిపించండి. కొన్ని వందల డాలర్లు అవుతుంది, కానీ ఆయన అమ్మేవారి మనిషి కాదు, మీ మనిషి.

మీ ఇంట్లో ఏ బండి ఉంది?

నాణ్యతకూ లాగే బండికీ సంబంధం లేదనిపిస్తుంది గాని, ఉంది. మనవాళ్ల ఇళ్లలో ఒడిస్సీ, సియెన్నా మినీవ్యాన్‌లు ఎక్కువ. ఈ రెండూ తగిన ఏర్పాట్లతో లాగగలిగేది 3,500 పౌండ్లు. పెట్రోలుతో నడిచే, హైబ్రిడ్ కాని హైలాండర్ ఎస్‌యూవీల్లో చాలావాటికి 5,000. బ్రోచర్లలో రాసే ఖాళీ బరువుకు నీరు, గ్యాస్, బ్యాటరీ, బియ్యం, వంటపాత్రలు కలపండి. ఒక గ్యాలన్ నీరే 8 పౌండ్ల పైచిలుకు. శక్తికి మించి లాగితే ట్రైలర్ ఎంత మంచిదైనా ప్రయాణం సురక్షితం కాదు.

మినీవ్యాన్, భార్యాభర్తలు, ఒక చిన్న పిల్ల: అలాంటి ఇంటికి సెకండ్‌హ్యాండ్ స్క్యాంప్ 13 అడుగులది బాగుంటుంది. సామానుతో కలిపినా సుమారు 2,000 పౌండ్ల దగ్గర ఉంటుంది. కసీటా 17 అడుగులది సౌకర్యంగానే ఉంటుంది, కానీ సామాను నింపాక మినీవ్యాన్ హద్దుకు చేరుకుంటుంది. ఇవి సెకండ్‌హ్యాండ్‌లో కూడా ధర అంత తగ్గవు, దొరికితే త్వరగా అమ్ముడుపోతాయి. కొన్నిసార్లు పక్క రాష్ట్రానికి వెళ్లి తెచ్చుకోవాలి. రెండేళ్ల తర్వాత మీరు అమ్మేటప్పుడు ఆ గుణమే మీకు పనికొస్తుంది.

ఇద్దరు పిల్లలు, సెలవులకు వచ్చిన అమ్మమ్మా తాతయ్యలు ఉన్న ఇంటికి ఇరుకు ట్రైలర్ నడవదు. దానికి బంక్ మంచాలున్న రేకుగోడ ట్రైలర్, నాలుగైదేళ్లది, స్లైడ్‌అవుట్ (ఆపినప్పుడు గోడలోంచి బయటికి జరిగే గది భాగం) లేనిది. జరిగే గది ఎంత బాగున్నా అది గోడలో పెద్ద రంధ్రం, దాని చుట్టూ రబ్బరు పట్టీలు, దానికొక మోటారు. మొదటిసారికి ఆ తలనొప్పి వద్దు. ఇలాంటివి సామానుతో 5,000 పౌండ్లు దాటేస్తాయి కాబట్టి ట్రక్కు లేదా పెద్ద ఎస్‌యూవీ ఉండాలి.

ఏది కొన్నా మన వంట లోపల వేడిగా, ఆవిరిగా సాగుతుంది. కుక్కర్ విజిళ్లకు చిన్న ట్రైలర్ గోడలు చెమర్చుతాయి. ప్రొపేన్ పొయ్యిని బయట బల్ల మీద పెట్టుకుని పప్పు, అన్నం, తాలింపు అక్కడే కానిస్తే లోపలి చెక్క ఎంతో కాలం మన్నుతుంది.

అన్నీ ఆలోచించి కొత్తదే కొందామనుకున్నవారు అప్పగించే రోజు కనీసం సగం పూట కేటాయించుకోండి. డీలరు దగ్గరే నీటిగొట్టం, కరెంటు కలిపించి, ప్రతి కుళాయి, ప్రతి స్విచ్, హీటరు, ఏసీ నడిపించి చూడండి. సింకుల కింద పొడి కాగితం పరిచి కాసేపటికి తడిసిందేమో గమనించండి. దొరికిన లోపాలన్నీ కాగితం మీద రాయించుకుని, అవి సరిచేసే వరకు చివరి సంతకం పెట్టకండి. మొదటి రాత్రి దూరప్రయాణం పెట్టుకోకుండా, డీలరుకు దగ్గర్లోని క్యాంప్‌గ్రౌండ్‌లో పడుకోండి. తెల్లారేసరికి ఏదైనా కారినా, ఆగిపోయినా, అరగంటలో వెనక్కి తీసుకెళ్లి చూపించవచ్చు.