రెడీమేడ్ చెక్క సా హార్స్‌లు కొనేముందు తిరగేసి కాళ్ల కీళ్లు చూడండి

ఇంట్లో చిన్న వర్క్‌షాప్ పెట్టుకుంటూ మొదటిసారి సా హార్స్‌లు (పైన ఒక దూలం, దానికి నాలుగు కాళ్లు ఉండి, కోసే చెక్కను ఎత్తులో ఆనించుకునే స్టాండ్లు) కొనబోతున్నవాళ్లు దయచేసి ఇది చదివాకే డబ్బు కట్టండి. నేను కొన్న జతలో ఒకటి ఏడు వారాలకే కూలిపోయింది. కూలినప్పుడు దాని మీద నిండు చెక్క తలుపు ఉంది. తలుపు మూల నా పాదానికి జానెడు దూరంలో నేలను గుద్దుకుంది. ఆ గాటు ఇంకా అలాగే ఉంది, చూసినప్పుడల్లా ఒళ్లు జలదరిస్తుంది.

ఆ రోజు చేసింది పెద్ద పనేమీ కాదు. పాత తలుపును రెండు సా హార్స్‌ల మీద పడుకోబెట్టి, పెయింటు గీకేసి చిత్రిక పడుతున్నాను. చిత్రికను ముందుకు తోసినప్పుడల్లా కింద కొంచెం ఊగుతున్నట్టు అనిపించింది. నేల సమంగా లేదేమో అనుకున్నాను. అక్కడే పొరపాటు చేశాను. కాసేపటికి టప్‌మని శబ్దం వచ్చి, ముందు వైపు కాలు ఒకటి బయటికి జారింది. తలుపు పక్కకు ఒరిగి కింద పడింది.

లేబుల్ మీద జతకు 400 కిలోలు మోస్తుందని రాసి ఉంది. నా తలుపు 40 కిలోలు కూడా ఉండదు. మరి ఎందుకు కూలింది? ఆ అంకె రెండింటికీ కలిపి చెప్పింది. అది కూడా బరువు సమంగా పరుచుకుని, కదలకుండా, నిటారుగా కిందికి నొక్కుతున్నప్పటి మాట. చిత్రిక పట్టినా, రంపంతో కోసినా, సుత్తితో కొట్టినా బలం పక్కలకు పడుతుంది, కుదుపులుగా పడుతుంది. దానికి ఎంత తట్టుకుంటుందో ఆ లేబుల్‌లో ఎక్కడా లేదు. కాళ్లు ఏటవాలుగా ఉంటాయి కాబట్టి పైన బరువు పెట్టగానే అవి బయటికి జరగాలనే చూస్తాయి. వాటిని పట్టి ఉంచాల్సింది పై దూలానికీ కాలికీ మధ్య ఉన్న కీలు, కాళ్ల మధ్య ఉన్న అడ్డపట్టీ. నా జతలో సరిగ్గా ఆ రెండే నాసిరకం.

కూలినదాన్ని విప్పి చూశాను. దూలంలో గాడి లేదు. కాలి పైభాగాన్ని ఏటవాలుగా కోసి దూలం పక్కన ఆనించి, రెండు స్క్రూలు బిగించి వదిలేశారు. అంటే బరువంతా చెక్క మీద కాకుండా ఆ స్క్రూల మీదే వేలాడుతోంది. ఆ స్క్రూలు కూడా జిప్సం బోర్డు బిగించడానికి వాడే సన్నటి నల్లవి. అవి గట్టిగా ఉంటాయి కానీ పెళుసు. మామూలు మేకు అయితే ముందు వంగుతుంది, మనకు కాస్త ముందుగా తెలుస్తుంది. ఇవి చెప్పాపెట్టకుండా విరుగుతాయి. ఒకటి మధ్యకు విరిగి సగం దూలంలోనే ఉండిపోయింది. రెండోది పీచుతో సహా ఊడి వచ్చింది.

అంతకంటే ముఖ్యమైనది ఇంకోటి ఉంది. విరగని మిగతా కాళ్లను చూస్తే, కాలికీ దూలానికీ మధ్య ఒక నాణెం దూరేంత సందు ఉంది. కొన్న రోజున ఆ సందు లేదు. అనుమానం వచ్చి దూలం నుంచి ఒక ముక్క కోశాను. కోసిన చోట చెక్క ముదురు రంగులో, చేతికి చల్లగా తగిలింది. ఆ ముక్కను వంటింటి త్రాసు మీద తూచి, గాలి తగిలే చోట పెట్టాను. మొదటి రోజు 620 గ్రాములు ఉన్నది మూడు వారాలకు 545కి దిగి అక్కడ ఆగింది. పోయిందంతా నీరే. పచ్చి చెక్కతో చేసి అమ్మేశారన్నమాట. చెక్క ఎండేకొద్దీ పొడవులో దాదాపు తగ్గదు, అడ్డంగా తగ్గుతుంది. 90 మిల్లీమీటర్ల వెడల్పున్న పచ్చి చెక్క బాగా ఎండేసరికి 3, 4 మిల్లీమీటర్లు తగ్గడం మామూలే. చెక్క తగ్గినా స్క్రూ పొడవు తగ్గదు కదా, పట్టు వదులవుతుంది. ఆ తర్వాత ప్రతి ఊపుకీ స్క్రూ కొంచెం కొంచెంగా అటూ ఇటూ వంగుతూ అలిసిపోతుంది. నేల సమంగా లేదేమో అనుకుని నేను వదిలేసిన ఆ ఊగడం ఇదే.

అడ్డపట్టీ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. పైన రంగు వేసిన పార్టికల్ బోర్డు, అంటే చెక్క పొట్టును జిగురుతో అదిమి చేసిన పలక. స్క్రూ దగ్గర పొట్టులా రాలిపోయింది.

అమ్మినవాళ్లకు ఫోటోలన్నీ పంపాను. మొదట ఎక్కువ బరువు పెట్టి ఉంటారన్నారు. తర్వాత వాపసు గడువు 30 రోజులు దాటిపోయిందన్నారు. నాకు బాధ కలిగించింది ఇదే. చెక్క ఎండి సందు బయటపడేసరికే ఆ గడువు అయిపోతుంది. అందుకే కొన్న వారంలోపే పరీక్ష చేసుకోండి.

కొనేముందు తప్పకుండా తిరగేసి చూడండి. కాలు దూలంలో తవ్విన గాడిలో కూర్చుందా, ఊరికే పక్కన ఆనించి ఉందా? అన్నిటికంటే ముందు చూడాల్సింది అదే. ఆన్‌లైన్‌లో అయితే అడుగు నుంచి తీసిన కీలు ఫోటో అడగండి, పంపకపోతే వదిలేయండి. కాళ్లలో పెద్ద ముడి ఉన్నా, చెక్క గీతలు నిలువుగా సాగకుండా పక్కకు దిగిపోతున్నా ఆ కాలు అక్కడే చీలుతుంది. దూలాన్ని రెండు చేతులతో పట్టుకుని పొడవునా ఒకసారి, అడ్డంగా ఒకసారి గట్టిగా ఊపండి. కొత్తదే కిర్రుమంటే ఇక చెప్పేదేముంది. ఒకే సైజువి రెండుంటే చేత్తో ఎత్తి చూడండి, ఒకటి మరీ బరువుగా ఉంటే అది తడిదై ఉండొచ్చు. రెండు సూదులుండే తేమ మీటర్ దొరికితే మరీ మంచిది. అందులో 19 శాతం దాటితే తీసుకోకండి.

చివరికి నేనే చేసుకున్నాను. ఒక వారాంతం పట్టింది. కాళ్లకు 38 బై 89 మిల్లీమీటర్ల ఎండిన చెక్క, నిటారు నుంచి సుమారు 15 డిగ్రీల వాలు. దూలానికి రెండు పక్కలా గాడి తవ్వి కాలి పైభాగాన్ని అందులో కూర్చోబెట్టాను. ఇప్పుడు బరువు చెక్క నుంచి చెక్కకే దిగుతుంది, బోల్టు పని దాన్ని ఊడకుండా పట్టుకోవడమే. బోల్టులు 8 మిల్లీమీటర్లవి, వెడల్పాటి వాషర్లతో, రంపం పళ్లు తగలకుండా దూలం పైఅంచుకు బాగా కిందగా. రెండు చివరలా 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్, కింద పొడవునా ఒక అడ్డకర్ర. దూలం మీద ఒక మెత్తటి చెక్క పట్టీని జిగురుతో అతికించాను, అందులో ఒక్క మేకు కూడా లేదు. కోతలు పడి అరిగితే దాన్ని గీకేసి కొత్తది వేసుకోవచ్చు. గాడి సరిగ్గా బిగుతుగా రావడానికి రెండు ముక్కలు పాడు చేసుకున్నాను, ఆ గాడి దగ్గర మాత్రం తొందరపడకండి.

ఇప్పటికే ఇలాంటివి కొన్నవాళ్లు పారేయక్కర్లేదు. ముందు దూలం బాగా ఎండనివ్వండి. తర్వాత ఆ నల్ల స్క్రూలు తీసేసి, ఇటు నుంచి అటు దాకా రంధ్రం వేసి బోల్టులు బిగించండి. రెండు చివరలా కాళ్లను కలుపుతూ ప్లైవుడ్ వేయండి. కొన్ని నెలలకు నట్లు మరోసారి బిగించుకోవాలి. నా జతలో కూలకుండా మిగిలినదాన్ని ఇలాగే బాగుచేశాను, ఆ పని పూర్తయ్యేదాకా దాన్ని గోడ వారగా తిరగేసి పెట్టి, పిల్లల్ని అటు వెళ్లనివ్వలేదు.