ఆడా మగా తేల్చాలంటే కటి ఎముకా, పుర్రెనా?

అస్థిపంజరం దొరికితే అందరి చూపూ ముందు పుర్రె మీదే పడుతుంది. నన్నడిగితే కటి ఎముకకే నా ఓటు. కాన్పుకు దారి ఇవ్వాలి కాబట్టి ఆడవాళ్లలో అది వెడల్పుగా ఉంటుంది. వెనకవైపు సయాటిక్ నాచ్ అనే గాడిలో బొటనవేలు పెట్టి చూడండి: వేలు అటూ ఇటూ ఆడితే ఆడమనిషిది కావచ్చు, బిగుసుకుంటే మగవాడిది. 1969లో ఫెనిస్ అనే మానవశాస్త్రవేత్త చెప్పిన మూడు గుర్తులూ కటి ముందు భాగమైన ప్యూబిక్ ఎముక దగ్గరివే. ఆయన పరీక్షలో 95 శాతానికి పైగా సరిపోయాయి.

పుర్రెలో కనుబొమల గట్టు, చెవి వెనక బుడిపె, గడ్డం చూస్తారు. మగవాళ్లలో ఇవి మొరటుగా ఉంటాయి, కానీ ముసలావిడ పుర్రె కూడా మగవాడిదేమో అనిపించొచ్చు. చిక్కేంటంటే, ప్యూబిక్ ఎముక మట్టిలో ఇట్టే పాడవుతుంది. అప్పుడు పుర్రే దిక్కు. చిన్నపిల్లల ఎముకలైతే రెండింటినీ నమ్మలేం, డీఎన్‌ఏకి పంపాల్సిందే.