మందు తూకం: చిన్న ఎలక్ట్రానిక్ కాటాతో నాలుగేళ్లు

రైఫిల్ తూటాల్లో పోసే మందును తూచుకునే ఈ కాటా మీద నాకున్న కోపం ఒక్కటే. నెమ్మదిగా పోస్తే కదలదు.

పళ్లెంలో పౌడర్ ఉంటుంది, అంకె నిలకడగా ఉంటుంది. ట్రిక్లర్‌ని, అంటే మందును కొద్దికొద్దిగా రాల్చే చిన్న గొట్టాన్ని, రెండు వేళ్లతో తిప్పుతూ ఒక్కో పలుకే రాలుస్తాను. రెండు, మూడు, ఐదు. పడటం కళ్లకు కనిపిస్తుంది, సన్నగా టిక్కుమనే చప్పుడు వినిపిస్తుంది. అంకె మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఇంకో నాలుగు రాలిస్తే ఉన్నట్టుండి 0.2 గ్రెయిన్ (ఒక గ్రెయిన్ అంటే సుమారు 0.065 గ్రాము) ఎగురుతుంది. కొన్నిసార్లు అదీ జరగదు.

ఇంట్లో రైఫిల్ తూటాలు రీలోడ్ చేసుకోవడం, అంటే కాల్చేసిన ఖాళీ కేసుల్లో (తూటా గొట్టాల్లో) మళ్లీ మందు నింపుకోవడం, మొదలుపెట్టి నాలుగేళ్లయింది. విడతకు యాభై, అంతకు మించి చేయను. కాటా మొదటి రోజు నుంచీ బల్ల మీద ఉంది. మొదటి ఏడాది అడిగిన వాళ్లందరికీ ఇదే కొనమని చెప్పాను. ఆ మాటను ఇప్పుడు కొంత సవరించుకోవాలి.

రెండో ఏడాది ఒక సాయంత్రం. లోడింగ్ బ్లాక్‌లో యాభై కేసులు నిలబెట్టి ఉన్నాయి, ముప్ఫై ఎనిమిదింటిలో మందు పోయడం అయిపోయింది. ముప్ఫై తొమ్మిదో దానికి తూచాను, అంకె సరిగ్గా కావలసిన చోట ఆగింది. పళ్లెం ఎత్తబోతుంటే దాని బయటి అంచుకు ఒక పలుకు అంటుకుని ఉంది. స్టాటిక్ విద్యుత్తు వల్ల అలా జరుగుతూనే ఉంటుంది. పళ్లెం ఎత్తి, ఆ పలుకును వేలితో దులిపి, మళ్లీ కాటా మీద పెట్టాను. ఒక పలుకు తగ్గాలి కదా, అంకె 0.3 పెరిగింది.

ముందు నా కళ్లనే అనుమానించాను. ఎత్తి మళ్లీ పెట్టాను, అదే అంకె. ఇంకోసారి, అదే అంకె. నేను వాడే పుల్లల్లాంటి పౌడర్‌లో ఒక పలుకు 0.02 గ్రెయిన్ దరిదాపుల్లో ఉంటుంది. అంటే దాదాపు పదిహేను పలుకులు కాటా లెక్కలోకి రాకుండానే పళ్లెంలోకి చేరాయి. అప్పుడు అసలు భయం పట్టుకుంది. ఆ ముప్ఫై ఎనిమిదింటి సంగతేంటి?

ఒక్కో కేసునూ పళ్లెంలోకి ఒంపి మళ్లీ తూచాను. కొన్ని సరిగ్గానే ఉన్నాయి. చాలావాటిలో 0.2 ఎక్కువ. రెండింటిలో 0.4 ఎక్కువ. తక్కువ మాత్రం ఒక్కటీ లేదు. తప్పు ఎప్పుడూ ఒకే వైపుకు, అదీ ఎక్కువ వైపుకే జరుగుతోందన్న మాట. నేను రీలోడింగ్ మాన్యువల్‌లో ఇచ్చిన గరిష్ఠానికి బాగా కిందే లోడ్ చేస్తాను కాబట్టి ప్రమాదం దాకా పోలేదు. అంచు మీద లోడ్ చేసేవాడినైతే ఏమయ్యేదో ఆలోచించడానికే ఒళ్లు జలదరిస్తుంది. చిన్న పిస్టల్ కేసులో పోసేదే నాలుగైదు గ్రెయిన్లు. అక్కడ 0.4 అంటే పదో వంతు తేడా.

అంతకు ముందు వారం చేసిన ఇరవై నాలుగు తూటాలు డబ్బాలో ఉన్నాయి. వాటిని బుల్లెట్లు పెట్టి మూసేశాను కాబట్టి తూచి తేల్చుకునే దారి లేదు. పూర్తయిన తూటా బరువు చూస్తే తెలియదా అని ఒక మిత్రుడు అడిగాడు. తెలియదు. కేసుకూ కేసుకూ మధ్యే ఒక గ్రెయిన్‌కు మించి తేడా ఉండొచ్చు, బుల్లెట్ల బరువూ కాస్త అటూ ఇటూ ఉంటుంది. ఆ గోలలో మందు తేడా కలిసిపోతుంది. ఇరవై నాలుగింటినీ బుల్లెట్‌ను ఊడదీసే సుత్తిలాంటి పుల్లర్‌లో పెట్టి, ఒక్కోదాన్నీ నాలుగైదు దెబ్బలు కొట్టి విప్పాను. దానికి రెండు సాయంత్రాలు పట్టింది. ఆ మందును తిరిగి వాడలేదు.

తర్వాత కారణం వెతుక్కున్నాను. ఇలాంటి చిన్న కాటాల్లో బరువును పసిగట్టే లోడ్ సెల్ గాలి తాకినా, బల్ల కదిలినా స్పందిస్తుంది. అంకె ఊగుతూ ఉంటే ఎవరూ కొనరు కాబట్టి లోపల ఒక ఫిల్టర్ పెడతారు. అంకె ఒకసారి కుదురుకున్నాక చిన్న చిన్న మార్పులను అది కుదుపుగా లెక్కేసి పక్కన పెడుతుంది. నేను రాల్చే ఒక్కో పలుకూ దానికి కుదుపే. పళ్లెం ఎత్తితే మార్పు పెద్దది కాబట్టి ఆ పట్టు వదులుతుంది, తిరిగి పెట్టినప్పుడు మొదటి నుంచి తూస్తుంది. అందుకే ఎత్తి పెట్టాక నిజం చెప్పింది.

మరి మొదటి ఏడాది అంత మెచ్చుకున్నానే, అదంతా తప్పా అంటే కాదు. అప్పట్లో నేను గుండ్రటి పలుకుల బాల్ పౌడర్ వాడేవాణ్ణి. అది పౌడర్ మెజర్‌లోంచి, అంటే ప్రతిసారీ ఒకే కొలత మందు పోసే పరికరంలోంచి, నీళ్లలా జారేది. డ్రమ్ము హ్యాండిల్ ఒకే వేగంతో తిప్పి, మందు నింపే హాపర్‌లో అది సగానికి తగ్గకుండా చూసుకుని, మొదటి పది సార్లు పడినది తిరిగి హాపర్‌లోనే పోసేస్తే ఆ తర్వాత ప్రతిసారీ దాదాపు ఒకే తూకం వచ్చేది. కాటా పని మధ్య మధ్యలో చూసి చెప్పడమే. మొత్తం మందు ఒక్కసారిగా పళ్లెంలో పడితే దీనికి ఏ ఇబ్బందీ లేదు, ఇప్పటికీ చకచకా సరిగ్గానే చెబుతుంది. పుల్లల పౌడర్‌కు మారాకే బండారం బయటపడింది. ఆ పలుకులు డ్రమ్ము అంచున పడి కరక్కుమని తెగుతాయి, చేతికి తెలుస్తుంది, తూకం అటూ ఇటూ అవుతుంది. అందుకే మెజర్‌తో అర గ్రెయిన్ తక్కువ పోసి, మిగతాది ట్రిక్లర్‌తో రాల్చడం మొదలుపెట్టాను. సరిగ్గా ఆ చివరి అర గ్రెయిన్ దగ్గరే కాటా చేతులెత్తేసింది.

ఇంకో చిన్న ఫిర్యాదు. దీనితో పాటు వచ్చిన కాలిబ్రేషన్ బరువు 50 గ్రాములు, అంటే సుమారు 772 గ్రెయిన్లు. నేను తూచేది అందులో పదో వంతు కూడా ఉండదు. అక్కడ సరిచూసుకుంటే ఇక్కడ సరిగ్గా ఉందని నమ్మకం ఏముంది? నా తూకానికి దగ్గరగా ఉండే చిన్న చెక్ వెయిట్లు విడిగా తెచ్చుకున్నాను.

ఇక సంతోషం కలిగించింది ఎవరో వాడేసిన పాత కడ్డీ త్రాసు. విద్యుత్తు అక్కర్లేదు, వేడెక్కేదాకా ఆగనక్కర్లేదు. కడ్డీ అంచులు కత్తిలా సన్నగా ఉండి గాడిలో ఆనుకుంటాయి, చివర రాగి రేకు అయస్కాంతాల మధ్య కదులుతుంది, అందుకే ఊపు త్వరగా ఆగుతుంది. ఒక్క పలుకు రాలిస్తే ముల్లు వెంట్రుక వాసి లేస్తుంది. మొదటిసారి అది చూసినప్పుడు కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ముల్లును పక్కనుంచి చూస్తే గీత తప్పుగా కనిపిస్తుంది కాబట్టి త్రాసును నా కంటి ఎత్తుకు ఒక అర మీద పెట్టాను. నెమ్మది మాత్రం నెమ్మదే. యాభై తూటాలకు గంట పైన పడుతోంది.

లక్ష్యం మీద పైకీ కిందకీ చెదిరే దూరం అప్పటి నుంచి తగ్గింది. కాకపోతే అదే నెలలో కేసు మెడలను అనీల్ చేయడం (వేడి చేసి మెత్తబరచడం) కూడా మొదలుపెట్టాను. ఎంత మేలు త్రాసుది, ఎంత మెడలది అన్నది విడదీసి చెప్పలేను.

కాటాను పారేయలేదు. పళ్లెం ఎత్తినప్పుడు తెర మీద వచ్చే మైనస్ అంకెను ఒక చీటీ మీద రాసి పక్కన అంటించాను. అది 0.1 మారినా సున్నా జరిగిందని అర్థం, మళ్లీ సున్నా చేశాకే పని. గదిలో ఫ్యాన్ ఆపుతాను, ఫోన్ ఇంకో గదిలో పెడతాను, అరగంట ముందే ఆన్ చేసి ఉంచుతాను. ఏం చేసినా సరే, పళ్లెం ఎత్తి పెట్టకుండా ఏ అంకెనూ నమ్మను. అంతా పోశాక టార్చి వేసి యాభై కేసుల్లో మందు మట్టం ఒకటేనా అని చూడటం కాటా ఉన్నా త్రాసు ఉన్నా తప్పదు.

మెజర్‌తో పోసి పదికి ఒకసారి సరిచూసుకునే పిస్టల్ వాళ్లకు ఈ కాటా సరిపోతుందనే అనుకుంటున్నాను. పలుకు పలుకూ రాల్చేవాళ్లను మాత్రం కొనమనను. చాలా దూరం కాల్చేవాళ్లు అయస్కాంత బలంతో తూచే ఖరీదైన బ్యాలెన్సులు వాడతారు. నేను వంద గజాల దగ్గర కాగితం మీద కాల్చేవాణ్ణి, సాయంత్రాలు తీరికగా ఉంటాయి, నాకు త్రాసు కుదిరింది. వారానికి ఐదు వందలు చేసే మనిషికి నా పద్ధతి రెండు రోజుల్లోనే విసుగు పుట్టిస్తుంది.